భరణం కేసు: పిటిషన్ తేదీ నుంచి చేతికి డబ్బు అందేదాకా

హన్మకొండ అదాలత్ సెంటర్ దగ్గర వకీళ్ల ఆఫీసుకు భరణం కోసం వచ్చినవాళ్లు మొదట అడిగేది "నెలకు ఎంత వస్తది సార్?" అని. అనుభవం ఉన్న వకీలు జవాబు చెప్పకుండా ఎదురు అడుగుతారు: "వేరుగా ఉండి ఎన్ని నెలలైందమ్మా?" కోర్టు సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క కడుతుంది. తల్లిగారింట్లో రెండేండ్లు ఎదురుచూసి, పెద్దమనుషుల చుట్టూ తిరిగి, చివరికి కోర్టుకు వస్తే ఆ రెండేండ్ల ఖర్చు చాలావరకు నీళ్లపాలే. పంచాయితీ మాటలు నడుస్తుంటే నడవనివ్వండి, పిటిషన్ మాత్రం వేసి పెట్టండి. రాజీ కుదిరితే వెనక్కి తీసుకోవడానికి ఒక వాయిదా చాలు.

పత్రికలు భరణం అంటాయి, పాత కోర్టు కాగితాల్లో మనోవర్తి అని ఉంటుంది, కోర్టు హాల్లో అందరూ మెయింటెనెన్స్ అంటారు. మూడూ ఒకటే.

ఏ సెక్షన్ కింద, ఏ కోర్టులో

ఎక్కువమందికి పనికొచ్చేది కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144. 2024 జులై 1కి ముందు ఇదే పాత చట్టం సీఆర్‌పీసీ సెక్షన్ 125. అంతకుముందు వేసిన కేసులు పాత సెక్షన్ కిందే నడుస్తాయి, భయపడాల్సింది ఏమీ లేదు. తనను తాను పోషించుకోలేని భార్య, విడాకులై మళ్లీ పెండ్లి చేసుకోని స్త్రీ, మైనర్ పిల్లలు, తల్లిదండ్రులు అడగొచ్చు. మతంతో, కులంతో పని లేదు. దీనికి ఎం.సి. (మెయింటెనెన్స్ కేసు) నంబర్ పడుతుంది. ఫ్యామిలీ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ, లేకపోతే జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ కోర్టులో వెయ్యాలి. భార్య ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడే వేసుకోవచ్చు. భర్త హైదరాబాద్‌లో ఉన్నా, ఆమె నర్సంపేటలో తల్లిగారింట్లో ఉంటే ఆ పరిధి కోర్టు చాలు.

రెండోది గృహహింస చట్టం, 2005. దీన్ని కోర్టులో డి.వి.సి. (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) అంటారు. సెక్షన్ 12 కింద పిటిషన్, సెక్షన్ 20 కింద ఖర్చులు, సెక్షన్ 19 కింద ఉండటానికి ఇల్లు అడగొచ్చు. ఇంట్లోంచి వెళ్లగొట్టినప్పుడు, కొట్టినప్పుడు, బంగారం గుంజుకున్నప్పుడు ఇది మెరుగు. డబ్బు నేరుగా జీతంలోంచి కోసి ఇమ్మని యజమానినే ఆదేశించే అధికారం ఇందులో కోర్టుకు ఉంది.

మూడోది హిందూ వివాహ చట్టం, 1955. విడాకుల కేసు (ఒరిజినల్ పిటిషన్, ఓ.పి.) నడుస్తుంటే సెక్షన్ 24 కింద మధ్యంతర ఖర్చులు, తీర్పుతోపాటు సెక్షన్ 25 కింద శాశ్వత భరణం. ఇందులో భర్త కూడా భార్యను అడగొచ్చు. సెక్షన్ 144లో ఆ వెసులుబాటు లేదు. విడాకులు వద్దు, ఖర్చులు మాత్రం కావాలనుకునే హిందూ భార్యకు 1956 నాటి దత్తత, పోషణ చట్టం సెక్షన్ 18 ఉంది. కానీ సివిల్ దారి కాబట్టి నిదానం.

ఒకటి కంటే ఎక్కువ కేసులు వేయొచ్చు. అయితే రెండుచోట్లా కలిపి రాదు. డి.వి.సి.లో నెలకు 5,000 వస్తుండగా ఎం.సి.లో 8,000 ఇస్తే చేతికి వచ్చేది 8,000, అంటే అదనంగా 3,000. ముందు ఆర్డర్ ఉన్న సంగతి రెండో పిటిషన్‌లో తప్పక రాయాలి. దాచినట్టు బయటపడితే డబ్బు ముచ్చట అటుంచి, మీ మాట మీదే నమ్మకం పోతుంది.

ముస్లిం మహిళల విషయంలో ఇద్దత్ మూడు నెలల వరకే ఖర్చులనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 2024 జులై 10న సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే తేల్చింది: విడాకులైన ముస్లిం స్త్రీ సెక్షన్ 125 కింద అడగొచ్చు. ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పినచోట 2019 చట్టం కింద మెజిస్ట్రేట్ దగ్గర భార్యాపిల్లలకు జీవనభృతి కూడా అడగొచ్చు.

మహబూబాబాద్, ములుగు, ఆదిలాబాద్ వైపు తండాలు, గూడేల్లో ఇంకో చిక్కు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం షెడ్యూల్డ్ తెగలకు, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప, ఆ చట్టం వర్తించదు. లంబాడా, కోయ, గోండు దంపతులు సెక్షన్ 24, 25 కింద వేస్తే అవతలి వకీలు మొదటి అభ్యంతరం అక్కడే పెడతారు. హిందూ సంప్రదాయం ప్రకారమే బతుకుతున్నామని నిరూపించి నెగ్గినవాళ్లూ ఉన్నారు గానీ అదో వేరే పోరాటం. ఖర్చుల వరకే అయితే 144, గృహహింస చట్టం రెండూ అడ్డు లేకుండా వర్తిస్తాయి. వాటితోనే మొదలుపెట్టండి.

పోలీస్ స్టేషన్ గురించి ఒక మాట. మహిళా పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ జరుగుతుంది, కేసు కడతారు, కానీ నెలనెలా డబ్బు ఇమ్మని ఆర్డర్ వేసే అధికారం వాళ్లకు లేదు. వరకట్న వేధింపుల కేసు గెలిచినా భర్తకు శిక్ష పడుతుందే తప్ప నెల ఖర్చు రాదు. వీటినీ భరణం కేసునూ ఒకటే అనుకుని ఏడాది పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

బాండ్ పేపర్ మీద రాసుకున్న విడాకులు

పెద్దమనుషుల సమక్షంలో 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటారు: "ఇద్దరం ఇష్టపూర్వకంగా వేరుపడుతున్నాము, ఇకపై ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులు లేవు, భరణం అడగను." నోటరీ ముద్ర కూడా ఉంటుంది. కులాచారంగా విడాకులు ఉన్నాయని సాక్ష్యంతో రుజువు చేయగలిగినచోట తప్ప ఆ కాగితంతో పెండ్లి రద్దు కాదు. భరణం అడగననే వాక్యం కూడా నిలవదు. చట్టం ఇచ్చిన పోషణ హక్కును ముందే రాసిచ్చెయ్యడం చెల్లదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి.

అసలు ప్రమాదం మొదటి వాక్యంలో ఉంది. "ఇష్టపూర్వకంగా వేరుగా ఉంటున్నాము." సెక్షన్ 144(4) ప్రకారం పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్న భార్యకు భరణం రాదు. భర్త తరఫు వకీలు ఎగ్జిబిట్‌గా పెట్టేది ఈ ఒక్క లైనే. చిత్రమేమిటంటే కోర్టులో పరస్పర అంగీకార విడాకులు తీసుకున్నామెకు ఈ అడ్డు లేదు, ఎందుకంటే ఆమె విడాకులైన స్త్రీ. వేరుపడి ఉన్న భార్యకే ఈ లైను ఉరి. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, ఎవరి ఒత్తిడితో, ఏ పరిస్థితుల్లో పెట్టారో పిటిషన్‌లోనే రాయండి. వాళ్లు చూపించాక చెప్పే సంజాయిషీకి బలం తక్కువ.

ఇదే బాండ్ పేపర్ వల్ల మారు పెండ్లి చేసుకున్నామె స్థితి కూడా అటూఇటూ కాకుండా ఉండేది. 2025 జనవరిలో, అదీ మన రాష్ట్రం కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది: మొదటి పెండ్లి చట్టప్రకారం రద్దు కాకపోయినా, ఆ సంగతి తెలిసే పెండ్లాడిన రెండో భర్త పోషణ బాధ్యత తప్పించుకోలేడు.

కాగితాలు: భర్త ఆదాయం చూపించడం

భరణం కేసు ఇక్కడే గెలుస్తారు, ఇక్కడే ఓడతారు. "నెలకు లక్ష సంపాదిస్తడు" అని నోటితో చెబితే అవతల "నాకు పనే లేదు" అని అంతే తేలిగ్గా చెబుతారు.

2020 నవంబర్ 4న వచ్చిన సుప్రీంకోర్టు రజనీశ్–నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులతో అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వెయ్యాల్సిందే. నమూనాలు వేరువేరుగా ఉన్నాయి. పట్నంవాళ్లకు ఒకటి, వ్యవసాయం మీద బతికే గ్రామీణ, గిరిజన ప్రాంతాలవాళ్లకు ఇంకొకటి. పర్వతగిరి రైతు కుటుంబానికి పట్నం నమూనా నింపి, సగం గడుల్లో "వర్తించదు" అని రాసి వేసిన అఫిడవిట్లు తరచూ కనిపిస్తాయి. భూమి ఎన్నెకరాలు, నీటి వసతి, పంట, పశువులు, యంత్రాలు అడిగేది రెండో నమూనాలోనే. మీ వకీలు ఏది నింపుతున్నారో చూసుకోండి.

రైతు అయితే ముందు భూమి. ఊరు, మండలం, సర్వే నంబర్ తెలిస్తే ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో వివరాలు చూడొచ్చు. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. గొడవ మొదలయ్యాక తమ్ముడి పేరుకు గిఫ్ట్ చేసిన గుంటలు అందులో తేదీతో సహా దొరుకుతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రైతు భరోసా పడిన లైను చూడండి. ఎకరాకు పంటకు 6,000 లెక్కన 24,000 పడిందంటే పేరు మీద 4 ఎకరాలున్నట్టు. సీసీఐ (కాటన్ కార్పొరేషన్)కి పత్తి అమ్మినా, ఐకేపీ కేంద్రంలో వడ్లు పోసినా డబ్బు ఖాతాలోకే వస్తుంది. ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు దగ్గర అమ్మితే తక్‌పట్టీ ఉంటుంది. దాని మీద పేరు, బస్తాల లెక్క, తూకం, ధర అన్నీ ఉంటాయి. ఇంట్లో పాత తక్‌పట్టీ ఒక్కటి దొరికినా ఫోటో తీసి పెట్టుకోండి.

లెక్క కూడా న్యాయంగా వెయ్యాలి. 4 ఎకరాల పత్తి, ఎకరాకు 8 క్వింటాళ్లు, క్వింటాల్‌కు 7,500 అనుకుంటే 2,40,000. ఎకరాకు 30,000 పెట్టుబడి తీసేస్తే మిగిలేది 1,20,000, అంటే నెలకు 10,000. పెట్టుబడి తీయకుండా "నెలకు 20,000 వస్తాయి" అని రాస్తే ఎదురు వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎరువుల బస్తా ధర అడుగుతాడు. అక్కడితో మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి.

సింగరేణి ఉద్యోగి అయితే నెల పే స్లిప్ ఒక్కటే చూస్తే మోసపోతారు. చేతికొచ్చే అంకె చిన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే సొసైటీ లోను, బ్యాంకు లోను, ఎల్‌ఐసీ, చిట్టీ అన్నీ అందులోనే కోతపడి ఉంటాయి. కోర్టు సాధారణంగా తప్పనిసరి కోతలనే ఒప్పుకుంటుంది: ఆదాయపు పన్ను, వృత్తి పన్ను, సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల పీఎఫ్), పింఛను వాటా. కారు కొనడానికి తీసుకున్న లోను భార్య తిండి కంటే ముందు రాదు. పైగా దసరా ముందు వచ్చే లాభాల వాటా, దీపావళి బోనస్ నెల స్లిప్‌లో ఉండవు. అందుకే ఏడాది మొత్తం చూపే ఫారం 16 అడగాలి. మీ దగ్గర లేకపోతే జీతం ఇచ్చే అధికారి దగ్గర్నుంచి తెప్పించమని కోర్టులో పిటిషన్ వెయ్యండి. ప్రభుత్వ టీచర్లకూ ఇదే పద్ధతి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు భర్త గల్ఫ్‌లో ఉండటం మామూలే. పాస్‌పోర్ట్ కాపీ, వీసా, అకామా (అక్కడి నివాస కార్డు) ఫోటో, కంపెనీ పేరు, ఎన్ఆర్ఈ ఖాతా నంబర్, ఇంటికి పంపిన డబ్బు రసీదులు, ఇవి దాచండి. నోటీసు అత్తగారింటి అడ్రసుకు మాత్రమే పంపితే "మా దగ్గర లేడు" అని తిప్పి పంపుతారు, ఆర్నెల్లు పోతాయి. విదేశీ అడ్రసు, ఈమెయిల్, వాట్సాప్ నంబర్ కూడా పిటిషన్‌లో రాసి, ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ నోటీసు పంపమని అడగండి.

ఆటో, పెయింటింగ్, హమాలీ పని చేసేవాళ్లకు కాగితం ఉండదు. బండి ఆర్‌సీ, ఇంటి కిరాయి, ఫోన్‌పే లావాదేవీలు, పిల్లల స్కూలు ఫీజు కట్టిన రసీదు, ఇవే ఆదాయానికి ఆనవాళ్లు. ఒంట్లో సత్తువ ఉన్న భర్త కూలి చేసైనా పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పని లేదనే మాట ఒక్కటే కాపాడదు.

మీ ఖర్చు, మీ ఆదాయం

ఖర్చుల పట్టిక గుండ్రటి అంకెలతో రాయకండి. హన్మకొండలో ఒక బిడ్డతో ఉంటున్నామె పట్టిక ఇలా ఉండొచ్చు: కిరాయి 5,500, కరెంటు 450, గ్యాస్ నెలకు సగం బండ లెక్కన 475, బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు 4,800, పాలు 1,350, స్కూలు ఫీజు ఏడాదికి 30,000 అంటే నెలకు 2,500, స్కూలు ఆటో 1,000, మందులు 700, ఫోన్ 300, బట్టలు, పండుగలు నెలకు సగటున 1,000. మొత్తం 18,075. ఇలాంటి పట్టికను క్రాస్‌లో కదిలించడం కష్టం. "నెలకు 25,000 ఖర్చు" అని ఒక్క లైన్ రాస్తే కదిలించడం చాలా సులువు. తల్లిగారింట్లో ఉంటే కిరాయి వేయకండి, ఇంట్లోవాళ్లకు ఇస్తున్నది ఉంటే అది రాయండి.

మీరు బీడీలు చుట్టినా, మిషన్ కుట్టినా, ప్రైవేట్ స్కూల్లో చెప్పినా దాచొద్దు. బీడీ కార్మికులకు పీఎఫ్ నంబర్ ఉంటుంది, అవతలివాళ్లు దాన్ని తెప్పిస్తారు. కొద్దిపాటి సంపాదన ఉన్నంత మాత్రాన భరణం పోదు. ఆ డబ్బుతో అత్తగారింట్లో ఉన్న స్థాయిలో బతకగలరా అన్నదే కోర్టు చూస్తుంది. చదువు ఉంది కాబట్టి సంపాదించగలదు అనడం వేరు, నిజంగా సంపాదిస్తోంది అనడం వేరు. 2017లో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. అయితే కేసు కోసమే ఉన్న ఉద్యోగం మానేసినట్టు కనిపిస్తే మాత్రం లెక్క తారుమారవుతుంది.

వేసే రోజు, ఆ తర్వాత వాయిదాలు

వకీలును పెట్టుకోలేకపోతే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, మండల స్థాయిలో మండల న్యాయ సేవల కమిటీకి తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇవ్వండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. ఫోన్ 15100. హింస ఉంటే 181.

పట్టుకెళ్లాల్సినవి: పెండ్లి పత్రిక, ఫోటోలు, ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్, ఆధార్ కార్డులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, పైన చెప్పిన ఆదాయం కాగితాలు, మీ బ్యాంకు పాస్‌బుక్. పిటిషన్‌లో ఇల్లు విడిచిన తేదీ, కారణం, ఆఖరిసారి ఇద్దరూ కలిసి ఉన్న ఊరు రాయాలి. ఇల్లు విడిచిన కారణం ఎందుకంత ముఖ్యమంటే, నోటీసు అందగానే భర్త వేసే మొదటి ఎత్తు ఇదే: "నేను పోషిస్తా, ఇంటికి రమ్మనండి." సరైన కారణం లేకుండా రానంటే భరణం ఆగుతుంది. మరో పెండ్లి, ఇంకో స్త్రీతో కాపురం, కొట్టడం, ఇవన్నీ సరైన కారణాలే. వాటిని మొదటి పిటిషన్‌లోనే తేదీలతో పెట్టకపోతే, ఆ తర్వాత చెప్పినవి కట్టుకథల్లా వినిపిస్తాయి. భర్త కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 డిక్రీ తెచ్చుకున్నా, ఆమె వెళ్లనంత మాత్రాన భరణం దానంతటదే పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు పిటిషన్‌తోపాటే మధ్యంతర భరణం కోసం వేరే పిటిషన్ వెయ్యండి. దీన్ని మర్చిపోతే, కేసు తేలేదాకా చేతిలో పైసా ఉండదు. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతరం తేల్చాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో ఆలస్యమవుతుంది, కానీ ఆ 60 రోజుల గడువును గుర్తుచేస్తూ మెమో వేస్తే వాయిదాలు దగ్గరపడతాయి. భర్త జవాబు, అఫిడవిట్ వెయ్యడానికి నాలుగు వారాలు. రెండు అవకాశాలు దాటినా వెయ్యకపోతే అతని వాదన కొట్టేయమని అడగొచ్చు. అఫిడవిట్‌లో అబద్ధం తేలితే కోర్టును తప్పుదోవ పట్టించినందుకు విడిగా చర్య ఉంటుంది.

కేసు నంబర్ పడగానే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ రాసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో పెట్టుకోండి. తర్వాతి వాయిదా ఎప్పుడో ఎవరినీ అడగనవసరం లేదు.

ఎంత వస్తుంది

చట్టంలో ఫార్ములా లేదు. 2017లో ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు సముచితమని సుప్రీంకోర్టు అంది. అప్పటినుంచి అది కొలబద్దలా వాడుతున్నారు, అయినా అది పైకప్పూ కాదు, నేలా కాదు. భర్త మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, పిల్లల సంఖ్య, అతని ఆరోగ్యం, ఆమె సంపాదన, కాపురంలో ఉన్న జీవన స్థాయి అన్నీ చూస్తారు. పిల్లల వాటా విడిగా రాయించండి. భార్యకు 7,000, పిల్లవాడికి 4,000 అని వేరుగా ఉంటే, రేపు ఆమె వాటా మీద తగాదా వచ్చినా పిల్లవాడిది ఆగదు. ఏటా లేదా రెండేండ్లకోసారి పెంపు కూడా ఆర్డర్‌లోనే అడగండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక కేసులో రెండేండ్లకు 5 శాతం పెంపు పెట్టింది.

ఆర్డర్ వచ్చాక: అసలు పని

ఆర్డర్ కాగితం బీరువాలో పెడితే డబ్బు రాదు. సర్టిఫైడ్ కాపీకి అదే రోజు దరఖాస్తు పెట్టండి. డబ్బు ఏ ఖాతాలో, నెలలో ఏ తేదీలోపు అన్నది ఆర్డర్‌లో లేకపోతే చేర్పించండి.

బాకీ లెక్క ఇలా ఉంటుంది. పిటిషన్ 2025 జూన్ 10న వేశారు, ఆర్డర్ 2026 ఫిబ్రవరి 10న వచ్చింది, నెలకు 11,000, పిటిషన్ తేదీ నుంచి. ఎనిమిది నెలలు, 88,000. మధ్యలో మధ్యంతరంగా 20,000 ఇచ్చాడు. మిగిలింది 68,000. ఆర్డర్‌లో "పిటిషన్ తేదీ నుంచి" అనే మాట ఉందో లేదో చూడటం మీ పని. ఆ మాట లేకపోతే వెంటనే మీ వకీలుకు చెప్పండి.

ఇక అందరూ దెబ్బతినేది ఇక్కడ. ఎం.సి. ఆర్డర్ కింద బాకీ వసూలుకు వారంట్ కావాలంటే, ఆ డబ్బు కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వెయ్యాలి. 2026 మార్చి 5న కట్టాల్సింది కట్టకపోతే 2027 మార్చి 5 లోపు. "మొత్తం కలిపి ఒకేసారి వేద్దాం" అని మూడేండ్లు ఆగితే మొదటి రెండేండ్లకు ఈ వారంట్ దారి మూసుకుపోతుంది. ఆరు నెలలకోసారి పిటిషన్ వేస్తూ పోవడమే మంచి అలవాటు. వేసిన పిటిషన్ నడుస్తుండగా పడ్డ బాకీ కూడా అందులో చేర్చుకోవచ్చు.

కోర్టు ముందు జప్తు వారంట్ ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ప్రతి నెల బాకీకి నెల వరకు జైలు. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరదు, అది అతని మీద అలాగే ఉంటుంది. ఈ సంగతి తెలియక "జైలుకు పోయొచ్చిండు, ఇక రాదు" అనుకుని వదిలేసినవాళ్లు చాలామంది. ఉద్యోగి అయితే జైలు కంటే జీతం అటాచ్‌మెంట్ (జీతంలోంచే కోయించడం) మేలు. జైల్లో ఉన్నవాడికి జీతమూ ఉండదు. మామూలు అప్పు కేసుల్లో జీతంలో ఎక్కువ భాగం భద్రం, కానీ భరణం డిక్రీ అమలులో జీతంలో మూడో వంతుకే రక్షణ. మిగతా రెండు వంతుల వరకు అటాచ్ చేయొచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాడి మీద వారంట్ జారీ అయితే పాస్‌పోర్ట్ ఆఫీసుకు ఆ కాపీతో దరఖాస్తు ఇచ్చి, పాస్‌పోర్ట్ మీద చర్య కోరవచ్చు. సెలవుకు ఇంటికొచ్చే నెల తెలిస్తే వారంట్ అమలుకు అదే సరైన సమయం.

శాశ్వత భరణమైతే భూమి మీద ఛార్జ్ (భరణానికి ఆ భూమే హామీగా ఉండేలా) పెట్టమని సెక్షన్ 25 కిందే అడగొచ్చు. అప్పుడు ఆ భూమిని కొనేవాడికి ఈసీలో అది కనిపించేలా చూసుకోవాలి.

ఒకేసారి తీసుకునేటట్లయితే

పరస్పర అంగీకార విడాకుల్లో (హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి) రెండు మెట్లుంటాయి: మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం), ఆరు నెలల తర్వాత రెండో మోషన్ (విడాకులు ఖాయం చేయమని మళ్లీ అడగడం). ఆ ఆరు నెలలను తగిన కారణాలుంటే కోర్టు తగ్గించొచ్చు. డబ్బు మొత్తం మొదటి మోషన్‌లో ఇస్తే భర్తకు గుబులు, రెండోదాకా ఆపితే భార్యకు గుబులు. సగం మొదటి మోషన్ రోజు, మిగతా సగం రెండో మోషన్ రోజు కోర్టు హాల్లోనే డీడీగా ఇచ్చుకోవడం ఇద్దరికీ నిమ్మళం. చెక్కు వద్దు.

బంగారం తులాల్లో రాయకండి. షాపులో తులం 10 గ్రాములు, పెద్దవాళ్ల లెక్కలో 11.66 గ్రాములు. 15 తులాల మీద ఈ తేడా దాదాపు 25 గ్రాములు. నగ పేరు, గ్రాములు రాయండి. పెట్టిపోతలు, బైకు, సామాను ఎవరి దగ్గర ఉన్నాయి, ఎప్పుడు ఇస్తారు అన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. పిల్లల పోషణను తల్లి వదులుకున్నానని రాసినా అది పిల్లలను కట్టేయదు. ఆ వాటా విడిగా, పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టించడం మంచిది. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. సంతకానికి ముందు రోజు రాత్రి ప్రతి లైన్ చదువుకోండి.

భర్త వైపు నుంచి

నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటే ఎక్స్‌పార్టీ ఆర్డర్ (అతని వాదన వినకుండానే ఇచ్చేది) వస్తుంది. దాన్ని కొట్టేయించుకోవడానికి మూడు నెలలే గడువు, అదీ సరైన కారణం చూపితేనే. డబ్బు చేతికి ఇవ్వకండి. బ్యాంకులో వేసి "2026 మార్చి మెయింటెనెన్స్" అని రాయండి. పిల్లకు సైకిల్ కొన్నా, స్కూలు ఫీజు నేరుగా కట్టినా అది ఆర్డర్ డబ్బు కింద జమ కాదు, ఆర్డర్‌లో అలా రాసి ఉంటే తప్ప. ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగాలేకపోయినా కట్టడం ఆపి ఊరుకోకండి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 146 కింద తగ్గించమని పిటిషన్ వెయ్యండి. గృహహింస కేసు ఆర్డర్ మీద అప్పీలుకు 30 రోజులు, ఫ్యామిలీ కోర్టు ఎం.సి. ఆర్డర్ మీద హైకోర్టు రివిజన్‌కు 90 రోజులు.

పెంచడం, ఆపడం

ధరలు పెరిగాయి, పిల్లవాడు ఇంటర్‌కు వచ్చాడు, భర్తకు ప్రమోషన్ వచ్చింది, వీటిలో ఏదైనా సెక్షన్ 146 కింద పెంపుకు చాలు. ఆమె మళ్లీ పెండ్లి చేసుకుంటే ఆమె వాటా ఆగుతుంది, పిల్లల వాటా ఆగదు. ఆమె వేరొకరితో కాపురం చేస్తోందని రుజువైతే కూడా ఆమె వాటా ఆగుతుంది. ఎప్పుడో ఒకసారి ఎవరితోనో కనిపించిందనే ఆరోపణ దీనికి చాలదు.

సెక్షన్ 144 కింద కొడుకు వాటా 18 నిండే వరకే. బిడ్డ (కూతురు) విషయంలో కూడా ఆ సెక్షన్ అక్కడితోనే ఆగుతుంది, ఇద్దరిలో ఎవరైనా అంగవైకల్యం వల్లనో మానసిక లోపం వల్లనో తనను తాను పోషించుకోలేకపోతే తప్ప. కానీ హిందూ తండ్రి మీద, తనను తాను పోషించుకోలేని పెండ్లి కాని బిడ్డకు 1956 చట్టం సెక్షన్ 20(3) కింద పెండ్లయ్యేదాకా హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పిటిషన్ తల్లి పేరు మీద కాదు, 18 నిండిన బిడ్డ పేరు మీదే, ఆమె సంతకంతో, పాత ఎం.సి. నంబర్‌తో సంబంధం లేకుండా కొత్తగా వెయ్యాలి.